రెండో నంబరు

నడుస్తున్న మోటారు ఉన్నట్టుండి ఆగిపోయింది. కాలవలో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుని, ఖాళీ బిందెతో గట్టు మీదే నిలబడింది హంపమ్మ.

"చూడుమా, మళ్ళా అదే!" షెడ్డు దగ్గర్నుంచి ఈరేష్ ఫోన్ ఎత్తి చూపించాడు. "మోటారు ఆగింది, రెండో నంబరు అని వచ్చినాది. నాయన నంబరు."

షెడ్డు గోడకున్న ఆ చిన్న పెట్టెకు ఫోన్ చేస్తే మోటారు ఆడుతుంది, మళ్ళీ చేస్తే ఆగుతుంది. ఈరేష్ తండ్రి వీరభద్రప్ప ఆదోని పత్తి మార్కెట్‌లో కూర్చుని ఎమ్మిగనూరు పక్కనున్న ఈ చేనికి నీళ్ళు పెట్టేవాడు. పెట్టెలో రెండే నంబర్లు: కొడుకుదీ, ఆయనదీ. వేరేవాళ్ళు చేస్తే పలకదు. పని జరిగినప్పుడల్లా, ఏ నంబరు చెబితే జరిగిందో ఇద్దరికీ మెసేజ్ పంపుతుంది. వీరభద్రప్ప పోయి ఏడాది దాటింది.

"మిరప వాడిపోతాంది. పొద్దు వాలితే సాలు, ఎవురో ఆపుతాండారు," అన్నాడు ఈరేష్.

"మీ నాయన నంబరు అంటివి కదరా."

"ఏమ్మా, సమాధిలో టవర్ పెట్టినారా?"

హంపమ్మ నవ్వలేదు. "బళ్ళారమ్మా అని పిల్సే నోరు ఎట్లా పాయ. నా పుట్టినూరి పేరు పెట్టి పిల్సేది ఆయనొక్కడే. ఆ నంబరన్నా ఉండనీరా అంటే, రీఛార్జి ఆపితివి."

ఈరేష్ తల వంచుకున్నాడు. తర్వాత, ఇన్నాళ్ళూ ధైర్యం చాలని పని చేశాడు. ఫోన్‌లో 'నాయన' అని ఉన్న చోట నొక్కాడు.

రింగైంది. ఎవరో ఎత్తారు.

"అలో, ఎవురన్నా?" ఆడపిల్ల గొంతు.

ఈరేష్ గుండె కుదుటపడింది. "నువ్వెవురు పాపా?"

"భాగ్య. ఆదోనిలో బట్టలంగడిలో పని సేస్తాండా. ఈ సిమ్ము కొత్తగా తీసుకుంటిని."

"సమాధి కాదుమా, ఆదోని!" తల్లికేసి చూసి నవ్వి, మళ్ళీ ఫోన్‌లో గొంతు పెంచాడు. "మా మోటారు ఎందుకు ఆపుతాండావ్?"

"నాకేం తెల్సునన్నా? పెద్దాయన ఒకాయన ఫోన్ సేస్తాడు. ఒక నంబరు సెప్పి, 'దీనికి ఫోన్ సెయ్యి తల్లీ, మోటారు ఆగాల, బిరీన సెయ్యి' అని బతిమాల్తాడు. పాపమని సేస్తా. మీ ఇంటి మనిషే అనుకుంటిని."

"పెద్దాయనా?" ఈరేష్ పళ్ళు కొరికాడు. గట్టు తగాదా పెట్టుకున్న పెదనాయన దేవేంద్రప్ప కళ్ళ ముందు మెదిలాడు. "సిక్కినాడు! మా మిరప ఎండబెట్టల్లని సూస్తాండాడు."

"ఇంగొకటన్నా, ఆయన ఏ నంబరు నుంచి సేస్తాడంటే..."

"ఆయన నంబరు నాకు తెల్సులే," అని ఫోన్ పెట్టేశాడు.

పెట్టె మూత తీశాడు. హంపమ్మ వచ్చి దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"తీసెయ్యొద్దురా."

"మా, అది ఇప్పుడు నాయన నంబరు కాదు. ఎవురో పిల్లది. ఊరికే ఉంటే ఆ పిల్లతో పెదనాయన మన చేనంతా ఎండబెట్టిస్తాడు."

ఆమె చెయ్యి చాలాసేపు కదల్లేదు. చివరికి చీర కొంగుతో పెట్టె మీది దుమ్ము తుడిచి, పక్కకు జరిగింది. ఈరేష్ మీట నొక్కాడు. 'రెండో నంబరు తీసివేయబడింది' అని మెసేజ్ వచ్చింది.

"మోటారు కేబులు కిందికి జారిందేమిరా?" అంది ఆమె, ఇంకేదో మాట్లాడాలన్నట్టు.

"ఎలకలు కొరికినాయి. రేప్పొద్దున కడ్తాలేమా."

మోటారు వేశాడు. నీళ్ళు బుసబుసమంటూ కాలవలోకి దూకాయి. పార భుజాన వేసుకుని చేను అవతలి కొసకు నడిచాడు. మడికి మడి తడుస్తూ వచ్చింది. ఈసారి మోటారు ఆగలేదు. ఈరేష్ తనలో తాను నవ్వుకున్నాడు.

పొద్దు గుంకుతోంది. ఫోన్ మోగింది. తెర మీద 'నాయన'.

"అన్నా!" భాగ్య వగరుస్తోంది. "మోటారు ఆగలేదన్నా! ఎన్నిసార్లు సేసినా ఆ నంబరు పలకల్యా. పెద్దాయన ఏడుస్తాండాడు."

"ఏడవనీ."

"అట్ల అనొద్దన్నా. నీకు ఇందాకనే సెప్పబోతిని. ఆయన ఫోన్ వచ్చినప్పుడల్లా తెర మీద నా నంబరే పడతాది. నా నంబరు నుంచి నాకే ఫోన్ వస్తాదన్నా! బళ్ళారమ్మ నీళ్ళల్లో దిగుతాంది, కేబులు కాలవలో పడిండాది అంటాడు. ఎవురన్నా బళ్ళారమ్మ?"

ఈరేష్ గిరుక్కున తిరిగాడు.

దూరంగా షెడ్డు పక్కన కేబులు కర్ర మీద నుంచి జారి నీళ్ళలోకి వేలాడుతోంది. దానికి రెండు బారల దూరంలో హంపమ్మ, చంకన బిందె, కుచ్చిళ్ళు ఎత్తి చెక్కుకుని గట్టు దిగుతోంది.

"మా! దిగొద్దు!"

మోటారు హోరులో ఆ కేక ఆమెకు చేరలేదు. ఆమె తల ఎత్తలేదు.

"ఉండన్నా, ఆయన ఇంగా లైన్లోనే ఉండాడు. కలుపుతాండా," అంది భాగ్య.

చెవిలో ఒక గరగర. ఆ తర్వాత దగ్గు. బీడీ పొగకు అరిగిపోయిన, ఏడాదిగా ఇంట్లో వినపడని దగ్గు.

"ఈరేషూ..."

పెట్టె ఇప్పుడు ఒక్క ఈరేష్ నంబరు మాటే వింటుంది. ఆ నంబరు నుంచి చేయాలంటే, ముందు ఈ ఫోన్ పెట్టేయాలి.

హంపమ్మ కాలు ఎత్తింది.

"ఈరేషూ, మీయమ్మకు ఒక్క మాట సెప్పల్ల..."

నాయన ఫోన్‌ను ఈరేష్ కట్ చేశాడు.