నాలుగో సీటు

నా కథలో ఆవగింజంత అబద్ధం దొరికితే ఢిల్లీ ఆర్.కె. పురం మార్కెట్లో, అందరూ చూస్తుండగా గుండు కొట్టించుకుంటాను. ఇక వినండి.

మా పొరుగింటి భవ్యశ్రీ గురుగ్రామ్ వెళ్లే మెట్రోలో కూర్చుంది. ఒళ్లో గుండ్రటి అట్టపెట్టె.

పక్క సీట్లో యాభై దాటిన ఒకావిడ. భవ్యశ్రీ ఫోనులో అమ్మతో తెలుగులో మాట్లాడటం విని ఇటు తిరిగింది.

"ఏవమ్మా, బర్త్‌డే కేకా అది?"

"కాదు ఆంటీ, మోటార్. చిన్న విమానానికి. ఇది నమూనా అంతే."

"అచ్ఛా! ఏదీ, చూడనీ."

భవ్యశ్రీ మూత తీసింది. మధ్యలో నల్లటి దిమ్మ, చుట్టూ మెరిసే తీగ.

"ఈ తీగని గడ్డకట్టే చలికన్నా బాగా కిందికి చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. ఇంత మోటార్‌కి అంత బలం!"

"మరి లోపల ఈ నల్లదేంటి?"

"ఇనుము ఆంటీ. అయస్కాంత బలాన్ని పోగేస్తుంది."

"అంత బలవున్న తీగకి ఇనుము సాయం ఎందుకమ్మా?"

భవ్యశ్రీ ఉలిక్కిపడింది. ఇదే ప్రశ్న వాళ్ల ఆఫీసులో ఆర్నెల్లుగా నలుగుతోంది.

"తీసేయొచ్చు. ఒక హద్దు దాటాక ఇనుముకి కడుపు నిండిపోతుంది, ఇక పోగెయ్యలేదు. దాని బదులు తేలికైన ఫైబర్ పెట్టొచ్చు. కానీ అప్పుడు తీగ బోలెడు కావాలి. తీగేమో బంగారమంత ఖరీదు. అందుకే నేను ఇనుమే ఉంచాను. ఇవాళ మీటింగులో ఒప్పుకుంటే సరే, లేకపోతే నా ప్రాజెక్టు బంద్."

"ఇనుముతో ఎంత బరువు పెరుగుద్ది?"

భవ్యశ్రీ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది.

"దాదాపు మీ అంత, ఆంటీ!"

ఆవిడ పకపకా నవ్వింది.

"అయితే అది ఎక్కితే ఎవరో ఒకరు దిగాలిగా?"

"ఆ లెక్క విమానం వాళ్లది ఆంటీ. నాది మోటార్ వరకే."

అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది. స్టేషన్ రాగానే వెనక్కి చూడకుండా ఆటో కోసం పరుగెత్తింది.

మీటింగులో భవ్యశ్రీ గెలిచింది. ఇనుమే ఖాయం. చప్పట్లు.

చప్పట్లు ఆగాక విమానం తయారుచేసే రూబెన్ లేచాడు.

"ఇది కొండ ఊళ్ల నించి రోగుల్ని తెచ్చే అంబులెన్స్ విమానం. పైలట్, రోగి, డాక్టర్, నర్స్. నలుగురికే చోటు. మోటార్ బరువైంది కాబట్టి నాలుగో సీటు తీసేస్తున్నాం."

"ఎవరి సీటు?" భవ్యశ్రీ అడిగింది.

"నర్సుది. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. మన నిర్ణయం తెలుసుకుందామని ఆవిడే వచ్చారు. జయకుమారిగారూ, లోపలికి రండి."

తలుపు తీసుకుని మెట్రో ఆంటీ వచ్చింది.

భవ్యశ్రీ పెట్టె మీద మూత పెట్టబోయింది. కంగారులో అది సరిగ్గా కూర్చోలేదు.

జయకుమారి నమూనా వంక చూసి, మెట్రోలో అడిగినంత కుతూహలంగానే అడిగింది:

"దార్లో రోగికి వాంతయితే తల పక్కకి తిప్పేది ఎవరమ్మా? డాక్టరుగారి రెండు చేతులూ ఖాళీగా ఉండవు."

కథ అయిపోయింది. ఇక మంగలిని పిలవండి, గుండుకి నేను సిద్ధం. ఇందులో ఒక్క ముక్క మాత్రం నా కల్పన.

మెట్రోలో ఆవిడ నవ్వలేదు.