చీమలు చెప్పిన మాట

"ఏవయ్యా, మా పిల్లి నోట్లో ఏం కుక్కుతున్నావ్?"

కనకరత్నం చేతిలో చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది.

ధనుర్మాసపు పొద్దు. మల్కాపురం వీధి మంచులో తేలుతోంది. హార్బరులో ఓడ కూత ఎవరి కలలోంచో వచ్చినట్టు వినిపిస్తోంది.

అరుగు మీద ఆ ముసలాయన, ఆయన ఒళ్లో రాణి.

ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనికి పోయే ఆయన రోజూ బస్సు వేళ దాకా ఆ అరుగు మీదే కూర్చుంటాడు. పేరేమిటని ఆమె ఎప్పుడూ అడగలేదు.

"బెల్లంముక్క తల్లీ," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. "వొణికిపోతంది..."

"బెల్లమా! దానికి షుగరు జబ్బయ్యా! రోజూ ఇన్సులిన్ సూది పొడుస్తుంటే, నువ్వు బెల్లం తినిపిస్తావా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. నాలుక తిరగలేదు. లేవబోయి తూలి, స్తంభం పట్టుకున్నాడు. అంత చలిలోనూ మొహం నిండా చెమట.

కనకరత్నానికి ఒళ్లు మండిపోయింది.

"తెల్లారేసరికే పట్టించావా? ఇంకెప్పుడూ మా అరుగెక్కకు!"

ఆయన రాణి తల ఒకసారి నిమిరి కిందికి దింపాడు. నిద్రలో నడిచేవాడిలా మంచులోకి వెళ్లిపోయాడు.

పిల్లలు లేని ఇల్లు. భర్త కామరాజుకు పోర్టులో షిఫ్టులు. పొద్దస్తమానం కనకరత్నం మాట్లాడేది రాణితోనే. పిలిస్తే పలికేదీ రాణే.

అలాంటిది మొన్న వానాకాలంలో బక్కచిక్కిపోయి, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు చూసి, మనుషుల మందే కొద్దిగా పొడవమన్నాడు.

"అది తడిపిన చోట చీమలు పడితే షుగరున్నట్టు. అప్పుడు సిరంజిలో ఒక గీత పెంచమ్మా," అన్నాడు.

కొన్నాళ్లకు చీమలు మాయమయ్యాయి. రాణి నున్నగా తేరుకుని, రాణిగారిలాగే నడిచింది.

ఈమధ్యే మళ్లీ వాకిట్లో చీమలు బారులు కట్టాయి. ఆమె ఒక గీత పెంచింది. తగ్గలేదు. మరో గీత పెంచింది. అయినా తగ్గలేదు.

ఎందుకో ఇప్పుడు అర్థమైందనుకుంది. ఈ తాగుబోతు బెల్లం!

మర్నాడు ఇంకో గీత పెంచి పొడిచింది.

అరుగు ఖాళీగా ఉంది.

కాసేపటికే రాణి కాళ్లు కొట్టుకుని, కళ్లు తేలేసింది. కనకరత్నం పిల్లిని పైట చెంగులో చుట్టుకుని రిక్షా ఎక్కింది.

డాక్టరు చిక్కటి పంచదార నీళ్లు పిల్లి చిగుళ్లకు రాస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి రాణి ఏదో దూరదేశం నుంచి వచ్చినట్టు కళ్లు విప్పింది.

"మందెందుకు ఇంత పెంచావమ్మా?"

"చీమలు పట్టాయండీ."

"ఎక్కడ?"

"వాకిట్లో. ముగ్గు పక్కనే కదండీ అది ఒంటేలుకు కూర్చునేది."

"ముగ్గు దేంతో వేస్తున్నావ్?"

"పండగ నెల పట్టింది కదండీ, రాతిపొడి మానేసి బియ్యప్పిండి..."

ఆమెకప్పుడు తట్టింది. చీమలు వచ్చింది పిండి కోసం.

"ఈ లెక్కన ఇది ఎప్పుడో పోవలసింది. తీపేమైనా పెట్టావా?"

"నేను కాదండీ. ఒకాయన..."

"అయితే ఇన్నాళ్లూ దీన్ని బతికించింది ఆయనేనమ్మా."

కనకరత్నానికి సిగ్గుతో తల వాలిపోయింది. కాళ్లు పట్టుకునైనా సరే ఆయన్ని మళ్లీ అరుగు మీద కూర్చోబెట్టాలనుకుంది.

సాయంత్రం బస్సు స్టాపు దగ్గర టీకొట్టు జగ్గారావును అడిగింది.

"ఆ ముసిలాయనా? నిన్న పొద్దున్న ఇక్కడే తూలి పడిపోనాడమ్మా. తాగీసినాడని అందరం వొగ్గీసినాం. తరవాత లేపితే పేణం నేదు."

ఆమె అడుగుతూ అడుగుతూ ఆయన ఇంటికి చేరింది.

గుమ్మంలో ఆయన భార్య కాశమ్మ గోడకు జారబడి ఉంది.

"తాగుబోతని ఊరంతా అంతన్నారమ్మా," అందామె, ఎవరొచ్చారో కూడా చూడకుండా. "ఆ మనిసి జన్మలో సుక్క ముట్టనేదు. సుగరు సూదేసుకుంటాడు, సుగరు దిగిపోతే తూలిపోతాడని నానే రోజూ జోబులో బెల్లంముక్క ఎట్టి పంపీదాన్ని. నిన్న దాన్ని ఏటి సేసినాడో, జోబు కాళీగుంది తల్లీ."