గంటగది తాళంచెవి

"కట్టుకున్నదాన్ని సమాధి చేస్తుంటే పక్కనే బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటూ నిలబడ్డ మనిషి దేవుడి గంట ముట్టుకోవటానికి వీల్లేదు," అన్నాడు ప్రేమదాసు.

ఎలీసమ్మ పోయి మూడో రోజు. ఆదరణ కూడికలో ప్రార్థన అయిపోయింది, భోజనాలూ అయిపోయాయి. సంఘపెద్ద ప్రేమదాసు చర్చి వరండాలో బల్ల ముందు కూర్చుని, పళ్ళలో ఇరుక్కున్న మాంసాన్ని పుల్లతో తీసుకుంటున్నాడు. బల్ల మీద గంటగది తాళంచెవి ఉంది. పక్కన అతని బావమరిది మార్కు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని, ఆ తాళంచెవి వంకే చూస్తున్నాడు.

ఎదురుగా ఎలీసమ్మ భర్త జక్రయ్య నిలబడి ఉన్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. ఎవరి మొహంలోకీ చూడడు. ముప్ఫై ఏళ్ళుగా చర్చి గంట ఆయనే కొడుతున్నాడు. ఒక్క పూట కూడా నిమిషం తేడా రాలేదు. గంటగది వసారాలోనే ఆయన కాపురం. గంట పోతే ఆ నీడా పోతుంది.

"మొన్న పొద్దున ఆమె పోయింది. ఎనిమిదయ్యేసరికి ఈయన రోజూలాగే మిరపకల్లంలోకి వచ్చి తాలుకాయలు ఏరుతూ కూర్చున్నాడు. మనిషన్నవాడు చేసే పనేనా అది?" అన్నాడు ప్రేమదాసు.

"రాయి నయం. ఎండకి వేడన్నా ఎక్కుద్ది," అంది ఎంగిలి విస్తళ్ళు ఎత్తుతున్న జయకుమారి.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. జక్రయ్య రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు.

"చూశారా? నాలుగు మాటలు చెబుతుంటే చెవులు మూసుకుంటాడు," అన్నాడు ప్రేమదాసు.

"ఇంతమంది ఒకేసారి మాట్లాడితే ఆయన తట్టుకోలేరండీ," అంది రెబ్కా. ఆమె ఆ ఊరి బడిలో టీచరు. "ఎనభై రెండులో, గుంటూరులో నా ట్రైనింగప్పుడు ఇలాంటి పిల్లాణ్ణి చూశాను. వేలూరు నుంచి వచ్చిన డాక్టరుగారు దాన్ని ఆటిజం అంటారని చెప్పారు. పొగరు కాదు, పిచ్చీ కాదు. పుట్టుకతోనే ఉన్న తీరు. లోపల అన్నీ ఉంటాయి. మనకి వచ్చినట్టు బయటికి రావు, అంతే."

"పిల్లాడన్నావుగా టీచరమ్మా. ఈయనకి అరవై రెండు."

"ఆ పిల్లలు పెద్దవాళ్ళు అవ్వరా అండీ?"

ప్రేమదాసు పుల్ల విరిచి కింద పడేశాడు.

"ఎలీసమ్మకి ఆ పేరు తెలియదు. ఆయన తెలుసు," అంది రెబ్కా. "రేపు ఏం జరుగుతుందో ముందురోజే చెప్పేది. ఒకసారికి ఒక్క పనే చెప్పేది. కంచం పెట్టి 'తిను' అనేది. ఆమె పోయిన దగ్గర్నుంచి ఆయన కంచం ముందు ఊరికే కూర్చుంటున్నారు. వచ్చినవాళ్ళంతా చూశారు, ఆదరణ చెప్పారు, వెళ్ళారు. ఇవాళ పొద్దున నేను 'తినండి' అన్నాను. తిన్నారు. ఆ మాటలేవో ఇకనుంచి నేను చెబుతాను. గంట ఒక్కటీ ఆయనకి ఉంచండి."

"తిను అంటే తింటానికి గొడ్డా ఏంది?" అన్నాడు మార్కు.

మళ్ళీ నవ్వులు. మొన్న సమాధి దగ్గర గుండెలు బాదుకున్న చేతులే ఇప్పుడు తొడలు చరుచుకుంటున్నాయి. జక్రయ్య అక్కడ లేనట్టే, ఆయన ఎదుటే ఆయన నడకనీ చూపునీ ఒకరికొకరు అనుకరించి చూపించుకుంటున్నారు. రెబ్కా నేలవంక చూసింది. నేల మీద నమిలి ఊసిన ఎముకలు ఉన్నాయి.

ప్రేమదాసు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. నవ్వులు ఆగాక జక్రయ్య చెవుల మీంచి చేతులు తీశాడు.

"నేను అన్యాయం చేసేవాణ్ణి కాను. అందరి ముందూ ఒక్క ప్రశ్న అడుగుతా. నిజం చెబితే తాళంచెవి నీదే జక్రయ్యా. ఆ రోజు ఆసామి నాలుగింటిదాకా మనల్ని మిరపకల్లం నుంచి వదల్లేదు. వదిలీ వదలగానే, చేతులన్నా కడుక్కోకుండా తిన్నగా సమాధుల దొడ్డికి పరిగెత్తాం. నువ్వూ మాతోనే వచ్చావు. మేమంతా కళ్ళు పులుముకుని పులుముకుని ఏడ్చాం. ఈ జయకుమారికి మర్నాటిదాకా కళ్ళవాపు తగ్గలేదు. పరాయివాళ్ళం మాకే అట్టా వస్తే, ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసినవాడివి, నీ కంట్లో ఒక్క చుక్క రాలేదే. ఎందుకు రాలేదు?"

అడిగింది ఒక్కరే. అడిగింది ఒక్క ప్రశ్నే. జక్రయ్య బల్ల దగ్గరికి వచ్చాడు.

"నేను చేతులు కడుక్కున్నానండి," అన్నాడు, తాళంచెవి అందుకుంటూ.