మూడు చుట్లు

కుడి మణికట్టుకి కట్టు ఉండటంతో ఆమె ఎడంచేత్తోనే సంచి సర్దుకుంటోంది. రెండు జతల బట్టలు, మందుల చీటీ, దువ్వెన. ఆమెని తమ్ముడింటి నుంచి తీసుకుపోడానికొచ్చి గుమ్మంలో నిలబడ్డ భర్త, సంచిని కాలితో తన్నాడు. దువ్వెన మంచం కిందికి జారిపోయింది.

"ఎంతసేపే? కారుకి కొత్త చక్రాలు ఎక్కేలోపు నువ్వు కార్లో ఉండాలి. లేదంటే రెండో చెయ్యి కూడా విరుగుతుంది."

ఆమె వంగి దువ్వెన కోసం తడుముకుంది.

గది ముందే షెడ్డు. అందులో ఆమె తమ్ముడు కార్లకి చక్రాలు మారుస్తాడు. బావ తెచ్చిన కొత్త చక్రాల్లో ఒకదాన్ని ఒకసారి పెట్టి చూసి, మళ్ళీ తీసి నేలమీద పడుకోబెట్టాడు.

"ఇది కుదరదు బావా. నీ కారుకి ఆఫ్‌సెట్ నలభై ఉండాలి. దీనికి యాభై అయిదుంది."

"మనిషికి అర్థమయ్యేలా చెప్పి చావు."

తమ్ముడు చక్రం లోపల చెయ్యి పెట్టి చూపించాడు. "దీని వెడల్పుకి సరిగ్గా నడిమధ్య గీత గీశామనుకో. బోల్టుల దగ్గర కారుకి ఆనే ఈ ముఖం, ఆ గీతకి ఎంత బయటికుంటే అంత ఆఫ్‌సెట్. ఇది ఎక్కువైంది కాబట్టి చక్రం పదిహేను మిల్లీమీటర్లు లోపలికి పోయి సస్పెన్షన్‌కి రాసుకుంటోంది."

"అయితే మధ్యలో బిళ్ళ వెయ్యి. స్పేసరో ఏదో అంటారుగా."

"వేస్తే చక్రం బయటికొస్తుంది. కానీ బిళ్ళ మందమంతా బోల్టు పొడవులోంచే పోతుంది. పదమూడు చుట్లు పట్టే నట్టు మూడే పడుతుంది. ఎనిమిదికి తక్కువైతే నేను కారు గేటు దాటనివ్వను. పొడుగు బోల్టులున్నాయి. అవి మార్చడానికి రెండు గంటలు పడుతుంది."

"రెండు గంటలు!" బావ నవ్వాడు. "అంతసేపు అక్కని దాచుకుని ఏం చేద్దామని బామ్మర్దీ?"

గదిలోకి వెళ్ళి ఆమెని జుట్టు పట్టుకుని షెడ్డులోకి ఈడ్చుకొచ్చాడు. కట్టు ఉన్న చేతిని పట్టుకుని మెలిపెట్టాడు. ఆమె అరవలేదు. అరిస్తే ఇంకా తిప్పుతాడని తెలుసు.

తమ్ముడు పానా ఎత్తాడు. బావ దాన్ని లాక్కుని మూతిమీద కొట్టాడు. తమ్ముడు నేలమీదున్న చక్రం మీద పడ్డాడు.

"ఇప్పుడు చెప్పు. ఎంతసేపు?"

తమ్ముడు విరిగిన పన్ను అరచేతిలోకి ఉమ్మి చూసుకున్నాడు. "పావుగంట బావా."

ఆమె మళ్ళీ సంచి దగ్గరికి వెళ్ళింది. నట్లని ముందు చేత్తో తిప్పుతూ పైకి లెక్కపెట్టడం తమ్ముడి అలవాటు. ఆ లెక్క పదికి తగ్గడం ఆమె ఏ రోజూ వినలేదు.

"ఒకటి... రెండు... మూడు." పానా చప్పుడు. మళ్ళీ, "ఒకటి... రెండు... మూడు."

దువ్వెన పట్టుకున్న చెయ్యి సంచి మీదే ఆగిపోయింది.

చివరి నట్టు అయ్యాక తమ్ముడి గొంతు ఎంతో మెత్తగా వినిపించింది. "కొత్త చక్రాలు కదా, ఒక్క రౌండు కొట్టి రా బావా. వేడెక్కాక నట్లు ఇంకోసారి బిగించాలి. ఈలోగా అక్క సర్దుకుంటుంది."

"అలా దారికి రా," అన్నాడు బావ. కారు గేటు దాటింది.

తమ్ముడు చేతులు కడుక్కుని గదిలోకి వచ్చాడు. సంచిలోని బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టాడు. "ఇక నువ్వెక్కడికీ పోనక్కర్లేదక్కా."

ఆమె గడియారం వైపు చూసింది. నాలుగూ అయిదు. "ఎటు పోయాడురా?"

"పెద్ద రోడ్డు మీదికే. వేగం చూసుకోవద్దూ?"

"ఆ రోడ్డు మీద బడి ఉంది కదరా! నాలుగుంపావుకి పిల్లల్ని వదులుతారు."

కారు ఆగినా ఊడిన చక్రం ఆగదని తమ్ముడికి తెలుసు. ఏది అడ్డమొస్తే దాన్ని గుద్దుకుంటూ పోతుంది. అతను చంపాలనుకున్నది ఒక్కణ్ణే.

"నిలబడ్డావేంరా? వెళ్ళి ఆపు!" ఆమే అంది. ఆమే అతని వీపు మీద చెయ్యి వేసి గుమ్మం దాకా తోసింది. స్కూటర్ కదిలాక హెల్మెట్ గుర్తొచ్చింది. "ఒరే, నెత్తికి..."

"ఇప్పుడే వస్తానే! తలుపేసుకో!"

ఆమె తలుపు వేయలేదు. మంచం మీది బట్టలు మళ్ళీ సంచిలో పెట్టింది. ఈసారి తమ్ముడి చొక్కాలు రెండు తీసి పైన పెట్టింది. వాడు రాగానే ఇద్దరూ ఎటైనా పోవచ్చు. దువ్వెన కోసం చూస్తే అది తన చేతిలోనే ఉంది.

ముప్పావు గంటకి షెడ్డులో అడుగుల చప్పుడైంది. సంచి పట్టుకుని పరుగెత్తింది.

భర్త. ఒంటిమీద గీత కూడా పడలేదు. చొక్కా నిండా రక్తం ఉంది కానీ అది అతనిది కాదు.

"నీ తమ్ముడికి పిచ్చే. బడి ఇంకా అల్లంత దూరముండగానే పక్కకొచ్చి, ఆపు బావా ఆపు అని అద్దం గుద్దుతున్నాడు. కొట్లాటకొచ్చాడనుకున్నా. కాస్త భయపెడదామని కారుని వాడి మీదికి ఒక్క కట్ కొట్టాను. అంతే, ముందు చక్రం ఊడి వాడి మీదికి..." ఆగి, ఆమె చేతిలోని సంచి చూశాడు. "సర్దేశావుగా. పద, బయట ఆటో ఉంది."

ఆమె కదల్లేదు. అతను సంచి లాక్కున్నాడు. పైనున్న చొక్కాలు రెండూ కింద పడ్డాయి.

తమ్ముడు బుధవారం సాయంత్రం నాలుగూ ఏడు నిమిషాలకి వెళ్ళాడు, తిరిగి రాలేదు.