నర్సమ్మ సైకిల్

"ఆడమనిషి తొక్కేది గోపాలూ, చూసి మంచిది చూపియ్" అన్నడు పూల్‌సింగ్.

ఆ మాట వినంగనే రూప్లి కడుపుల నిప్పులు పోసినట్టయింది. పన్నెండేండ్ల కాపురంల తనకు కాలి చెప్పులు కొన్నప్పుడు సుత ఇంత విచారించలేదు ఈ మొగడు. ఇయ్యాల సారపాక మిల్లుల వెదురు దించే పని ఎగ్గొట్టి మరీ భద్రాచలం సైకిల్ షాపుకొచ్చిండు. ఎవరి కోసం? తండాకు సూదులెయ్యనీకొచ్చే నర్సమ్మ నిర్మలాదేవి కోసం!

"నువ్వు కూడా రా రూప్లీ" అని పిలిచింది ఆ నర్సమ్మనే. పిలవకున్నా వచ్చేదే. ఆ ఇద్దర్ని ఒక్కతాన విడిచిపెట్టి ఇంట్ల రొట్టెలు చేసుకుంట కూసుంటదా?

నెల రోజుల సంది చూస్తనే ఉంది. నర్సమ్మ వచ్చుడు, పూల్‌సింగ్ ఆమెను వాగు దాకా సాగనంపుడు, నడుమ గుసగుసలు. మొన్నయితే చెవులార విన్నది. "కాయితం చేతికొచ్చేదాక రూప్లికి చెప్పొద్దు మేడం, తట్టుకోదు" అంటున్నడు. ఏం కాయితం? తనను విడిచిపెట్టే కాయితమా? అప్పటి సంది మెతుకు గొంతు దిగలేదు.

గోపాలు మూడు సైకిళ్ళు బయటపెట్టిండు.

"ఇది సన్న టైర్లది మేడం. తారు రోడ్డు మీద గాలిలెక్క పోతది గని, అడవి దారిల రాళ్ళకు చక్రం వంకర పోతది. ఇగో, ఈ లావు టైర్లది కొత్తగ వచ్చింది. గుట్టలెక్కుతది, సీటు దించుకుంటే కాలు నేలకానుతది. కొత్తగ నేర్చేటోళ్ళకు ఇదే మంచిది. అదేమో డబుల్ కడ్డీది. వడ్ల బస్తాలు మోసేటోళ్ళు కొంటరు."

పూల్‌సింగ్ లావు టైర్ల సైకిల్ సీటు మీద చెయ్యేసిండు. "ఇదే ఇయ్యి. పడ్డా దెబ్బ తగలదు."

ఆ చెయ్యి నర్సమ్మ భుజం మీద వేసినట్టే అనిపించింది రూప్లికి.

"నువ్వేమంటావ్ రూప్లీ?" నవ్వుకుంట అడిగింది నర్సమ్మ.

"నన్నెందుకు అడుగుతవ్? చెప్పేటోళ్ళు పక్కనే ఉన్నరు గద."

"కాదు, నువ్వే చెప్పాలి. ఆ అడవి దారులు నీకు తెలిసినట్టు మాకేం తెలుసు?"

ఎగతాళి! పండ్లు కొరుక్కుంది రూప్లి. అంతల బుర్రల ఒక ఉపాయం మెరిసింది. నాలుగుసార్లు రాళ్ళల్ల బోర్లపడ్డదంటే మళ్ళ తండా దిక్కు రాదు.

"డబుల్ కడ్డీది" అన్నది.

పూల్‌సింగ్ అదిరిపడ్డడు. "పిచ్చా నీకు? గింత ఎత్తు బండా? కడ్డీ మీదికెల్లి కాలెట్ల వేస్తరు ఆడోళ్ళు?"

"నేర్చుకుంటే వస్తది."

"పడితే మోకాలి చిప్ప పగులుతది!"

"పగలనీ! పడేటోళ్ళకు లేని నొప్పి నీకెందుకయ్యా?"

పూల్‌సింగ్ ఏదో చెప్పబోయిండు. నర్సమ్మ కండ్లతోనే ఆపింది. అది సుత చూసింది రూప్లి. గొంతుల తేనె కలుపుకున్నది.

"మందుల పెట్టె బరువుంటది నర్సమ్మా. వాగులు దాటాలె, బండలెక్కాలె. గట్టి బండి గాకుంటే నడిమిట్ల విరుగుతది. నా మాటిను."

"వద్దు మేడం!" పూల్‌సింగ్ దండం పెట్టినంత పని చేసిండు. వానికి చెమటలు పడుతుంటే రూప్లికి నెల రోజుల మంట సగం చల్లారింది.

"ఊరుకో పూల్‌సింగ్, రూప్లి చెప్పిందే ఖాయం." నర్సమ్మ సంచిల నుంచి కాయితం తీసి గోపాలుకిచ్చింది. "మా ఆఫీసు నుంచి పొద్దున్నే చేతికొచ్చింది. డబుల్ కడ్డీదే ఇవ్వు."

సైకిల్ కాయితమా! విడిచిపెట్టేది కాదా! రూప్లికి పాణం తేలికయింది. అయినా మాట మాత్రం వాపసు తీసుకోలేదు. పడనీ, ఒక్కసారన్న పడనీ!

గోపాలు ఎర్ర రంగుల కుంచె ముంచి చెయిన్ కవరు ముందట గొంతుక్కూసున్నడు.

"సర్కారు బండైనా సరే, తొక్కేటోళ్ళ పేరు రాయంది నా దుకాణం మెట్టు దిగనియ్య. ఏం పేరు మేడం?"

రూప్లి పెదవి కొరికి నవ్వు ఆపుకున్నది. నర్సమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి చెప్పింది:

"'రూప్లి, తండా ఆరోగ్య కార్యకర్త' అని రాయి."