అన్నీ మంచివే

శనివారం సంత. హార్జ్ కొండల మీద రాత్రంతా కురిసిన వాన తెల్లవారాక తెరిపిచ్చింది. అడవినిండా పుట్టగొడుగులు.

ఎల్ఫ్రీడ బుట్ట పట్టుకుని వరసలో నిలబడింది. వరస చివర చిన్న బల్ల. దాని మీద ఇత్తడి పలక: 'డాక్టర్ జైడ్లర్, పుట్టగొడుగుల నిపుణులు.' అడవిలో ఏరుకున్నవి పొయ్యి ఎక్కించే ముందు ఆయనకు చూపించడం అందరికీ అలవాటు. విషపుదొక్కటి కలిసినా ఇంటిల్లిపాదికీ ప్రాణం మీదికొస్తుంది.

పక్కనే సాసేజీలు కాలుస్తున్న ట్రౌడెల్ గొంతు తగ్గించింది.

"ఈ ఊరికి కొత్తా అక్కా? ఆ మహానుభావుడు ఏం చదివాడో ఎవరికీ తెలీదు. ఒట్టి హోఖ్‌ష్టాప్లర్!"

లేని హోదా నెత్తిన పెట్టుకుని ఊరేగేవాణ్ణి అక్కడ అలాగే తిడతారు.

"పలక మీద డాక్టరని ఉంది కదమ్మా," అంది ఎల్ఫ్రీడ.

"పలకదేముంది! రేపు నేనూ చేయించుకుంటా. డాక్టర్ ట్రౌడెల్, సాసేజీల నిపుణురాలు!"

ఎల్ఫ్రీడ నవ్వలేదు. ఆమె వంతు వచ్చింది.

జైడ్లర్ బుట్టలో ఒకసారి వేళ్ళు ఆడించాడు.

"అన్నీ మంచివే అమ్మగారూ. నిశ్చింతగా తినండి."

"ఈ తెల్లది కూడానా? కాడ అడుగున చిన్న సంచిలా ఉంది. ఇంకోసారి చూడండి."

"ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. నాకే పాఠం చెబుతారా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"తప్పే డాక్టరుగారూ. బడిలో పాఠాలు చెప్పిన నోరు." ఆమె సంచిలోంచి మూతగిన్నె తీసింది. వెన్నలో వేగిన ఉల్లిపాయల వాసన గుప్పుమంది. "ఇవీ ఈ బుట్టలోవి దొరికిన చోటే ఏరినవి. పొద్దున వేయించాను. ముందు మీరు తింటే నాకు ధైర్యం."

ఆయన చెయ్యి గాలిలో ఆగింది. వరస మొత్తం ఆయన్నే చూస్తోంది. ఇత్తడి పలక వైపు ఓసారి చూసుకుని ఫోర్కు అందుకున్నాడు.

"అమోఘం!" అన్నాడు, అందరికీ వినబడేలా.

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎల్ఫ్రీడ కదల్లేదు. ఆయన మూతి తుడుచుకున్నాడు.

"అయ్యో, అంతా నేనే తినేశాను. మరి మీకు?"

ఆమె ఖాళీ గిన్నెకు మెల్లగా మూత పెట్టింది.

"నాకొద్దు డాక్టరుగారూ, పోయినేడు ఇదే బల్ల దగ్గర మా ఆయన బుట్ట చూసి కూడా మీరు 'అన్నీ మంచివే' అన్నారు, ఆ మరుసటి వారమే ఆయన్ని మట్టిలో పెట్టాం."