తెలీదుగాడి గూడు

చెరువు గట్టున తుమ్మచెట్టుకి ఒక గిజిగాడు గూడు అల్లుతున్నాడు. అల్లినంత వరకు తనే పట్టుకుని వేలాడి, ఊపి చూసుకుంటున్నాడు. పెళ్లాం నేడో రేపో గుడ్లు పెట్టేలా ఉంది మరి!

"ఏరా అల్లుడూ, ఈసారి గాలివాన ఎటు నుంచి?" అన్నాడు పై కొమ్మ మీది కాకి.

"తెలీదు మావా."

"తెలీకుండానే ఇల్లు కడుతున్నావా? తూర్పు నుంచేరా! అందుకే నేను మాను చాటున, పడమటి కొమ్మ మీద కట్టా."

ఆ రోజు నుంచి చెట్టంతా వాణ్ణి తెలీదుగాడు అనే పిలిచింది. పెళ్లానికి తల కొట్టేసినట్టయింది. "ఏదో ఒక దిక్కు చెప్పెయ్యొచ్చుగా!"

"చెప్పొచ్చే, గాలి నా మాట వినాలిగా!" అని నవ్వి, ఎటు ఊగినా తిరగబడకుండా గూటి లోపల తడిమట్టి ముద్దలు అతికించాడు.

గుడ్లు పెట్టిన మర్నాడే గాలివాన వచ్చింది. ముందు తూర్పు నుంచే కొట్టింది, కాకి ఎగిరి గంతేశాడు. ఆనక ఒక్కసారిగా పడమటి నుంచి తిరగబడిందండీ! కాకి గూడు పుల్లపుల్లా చెరువులో తేలింది. గిజిగాడి గూడు అటూ ఊగింది, ఇటూ ఊగింది, మళ్లీ తిన్నగా నిలిచింది. మూడు గుడ్లూ చెక్కు చెదరలేదు!

వాన వెలిశాక కాకి తడిరెక్కలు దులుపుకుంటూ వచ్చాడు. "అల్లుడూ, మళ్లీ గాలి ఎటు నుంచిరా?"

ఈసారి పెళ్లామే గూట్లోంచి తల బయటపెట్టి, చెట్టంతా వినేలా అరిచింది. "మాకు తెలీదు బాబాయ్! మట్టి మాత్రం అదిగో, ఆ గట్టు మీదుంది!"